ఆర్గానిక్ సోలార్ సెల్: పదార్థం అదే అయినా సామర్థ్యం ఎందుకు మారుతుంది?

2001లో వెలువడిన ఒక ఫలితం ఆర్గానిక్, అంటే కార్బన్ ఆధారిత పదార్థాలతో చేసే, సోలార్ సెల్ పరిశోధనను మలుపు తిప్పింది. అందులో కొత్త పదార్థమేదీ లేదు. ఎండీఎంఓ-పీపీవీ అనే పాలిమర్, పీసీబీఎం అనే ఫుల్లరీన్ (బంతి ఆకారపు కార్బన్ అణువు) అప్పటికే ఈ రంగంలో అందరికీ తెలిసినవి. మార్చింది వాటిని కరిగించే సాల్వెంట్‌ను. టోలుయిన్‌లో కరిగించి పూత పూసినప్పుడు సామర్థ్యం 0.9 శాతం వచ్చింది. క్లోరోబెంజీన్‌తో అదే పని చేస్తే 2.5 శాతం వచ్చింది. ఆరిన తర్వాత ఆ రెండు పొరల్లోనూ ఉన్నవి అవే అణువులు. కానీ టోలుయిన్‌లో పీసీబీఎం అంత బాగా కరగదు. పొర ఆరేలోపే అది వందల నానోమీటర్ల ముద్దలుగా విడిపోతుంది. క్లోరోబెంజీన్‌లో చివరిదాకా కరిగే ఉంటుంది కాబట్టి ముద్దలు చాలా చిన్నవిగా ఆగిపోతాయి. సామర్థ్యం దాదాపు మూడు రెట్లు కావడానికి కారణం అదే.

అందుకే ఆర్గానిక్ సెల్ విషయంలో ఏ పదార్థం వాడారన్నది సగం సమాచారమే. ఆ పదార్థం ఎలా ఆరింది, ఆరేటప్పుడు ఏది ముందు గట్టిపడింది, రెండు పదార్థాలూ ఎంత మేరకు విడిపోయాయి, ఎంత మేరకు కలిసే ఉండిపోయాయి అన్నది మిగతా సగం. ఒకే పాలిమర్‌పై రెండు ప్రయోగశాలలు వేర్వేరు అంకెలు ప్రకటిస్తే తేడా సాధారణంగా ఈ రెండో సగంలోనే దొరుకుతుంది.

పది నానోమీటర్ల గడువు

కాంతి పడగానే ఆర్గానిక్ పదార్థంలో విడి ఎలక్ట్రాన్, విడి హోల్ (ఎలక్ట్రాన్ ఖాళీ చేసిన ధనావేశ స్థానం) పుట్టవు. రెండూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఎక్సిటాన్ అనే జంటగా పుడతాయి. ఆవేశాల మధ్య ఆకర్షణను పదార్థం ఎంత తగ్గిస్తుందో చెప్పే డైఎలక్ట్రిక్ స్థిరాంకం సిలికాన్‌కు 11.7 కాబట్టి అక్కడ ఆ జంట బంధం 0.015 ఎలక్ట్రాన్ వోల్ట్ దరిదాపుల్లోనే ఉంటుంది. గది ఉష్ణోగ్రత దగ్గర దొరికే 0.025 ఎలక్ట్రాన్ వోల్ట్ ఉష్ణశక్తి దాన్ని విడదీయడానికి చాలు. ఆర్గానిక్ పదార్థాల్లో ఈ స్థిరాంకం 3, 4 మధ్యే ఉంటుంది. ఆకర్షణను తగ్గించే శక్తి అంతగా లేకపోవడంతో బంధ శక్తి మామూలుగా 0.3 నుంచి 0.5 ఎలక్ట్రాన్ వోల్ట్ దాకా ఉంటుంది. దాన్ని వేడి తెంచలేదు. తెంచాలంటే ఎలక్ట్రాన్‌ను తనవైపు లాక్కునే మరో పదార్థం, అంటే యాక్సెప్టర్, పక్కనే ఉండాలి.

పక్కన అంటే ఎంత దూరంలో? మామూలు పాలిమర్‌లో ఎక్సిటాన్ తన జీవితకాలంలో ప్రయాణించేది సుమారు 10 నానోమీటర్లు. కొన్ని కొత్త అణువుల్లో ఇంతకు రెండు మూడు రెట్లు ఉండొచ్చు, అంతే. మరోవైపు, పడిన కాంతిని చాలినంతగా పీల్చుకోవాలంటే పొర మందం 100 నానోమీటర్లయినా కావాలి. 1986లో చింగ్ టాంగ్ ప్రకటించిన రెండు పొరల సెల్ సామర్థ్యం సుమారు 1 శాతం దగ్గర ఆగిపోవడానికి ఈ పొంతన లేని కొలతలే ప్రధాన కారణం. డోనర్ (ఎలక్ట్రాన్‌ను ఇచ్చే పదార్థం) పొరపై యాక్సెప్టర్ పొర పరిస్తే, సరిహద్దుకు పది నానోమీటర్ల లోపు పుట్టిన ఎక్సిటాన్లే పనికొస్తాయి, మిగతావి వృథా. 1995లో వచ్చిన బల్క్ హెటెరోజంక్షన్ దీనికి దారి చూపింది. రెండు పదార్థాలనూ ఒకే ద్రావణంలో కలిపి పూస్తే, ఆరేటప్పుడు అవి పొర మందమంతా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయిన వలలుగా విడిపోతాయి. ఎక్సిటాన్ ఎక్కడ పుట్టినా సరిహద్దు దగ్గర్లోనే ఉంటుంది.

చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. ఎక్సిటాన్ విడిపోవాలంటే రెండు పదార్థాలూ బాగా కలిసిపోవాలి. విడిపోయిన ఎలక్ట్రాన్, హోల్ మళ్లీ ఎదురుపడకుండా ఎలక్ట్రోడ్లకు చేరాలంటే అవి బాగా విడిపోవాలి. సూక్ష్మ నిర్మాణం గురించిన చర్చ అంతా ఈ రెంటి మధ్య రాజీ గురించే.

పరిమాణం ఒక్కటే చాలదు, స్వచ్ఛత కావాలి

పాఠ్యపుస్తకాల బొమ్మల్లో డోనర్, యాక్సెప్టర్ రెండు రంగుల వేళ్లలా ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. వాటి మధ్య గీత గీసినట్టు సరిహద్దు కనిపిస్తుంది. నిజమైన పొరలో అలాంటి గీత దాదాపు ఉండదు. కనీసం మూడు రకాల ప్రాంతాలుంటాయి: డోనర్ దాదాపు స్వచ్ఛంగా, క్రమంగా పేర్చుకున్నవి ఒకటి, యాక్సెప్టర్ అలా పేర్చుకున్నవి రెండు, ఈ రెంటి అణువులూ క్రమం లేకుండా కలగలిసిపోయిన ప్రాంతం మూడోది. ఈ మూడో ప్రాంతాన్ని లోపంగా చూసే అలవాటు చాలాకాలం ఉండేది. అది సరికాదు. ఎక్సిటాన్లు తేలికగా విడిపోయేది అక్కడే. పైగా క్రమంగా పేర్చుకున్న ప్రాంతాల్లో ఆవేశాల శక్తిస్థాయి కొంత అనుకూలంగా ఉంటుంది. కాబట్టి కలగలుపులో విడిపోయిన ఎలక్ట్రాన్ స్వచ్ఛమైన యాక్సెప్టర్ వైపు, హోల్ స్వచ్ఛమైన డోనర్ వైపు జారతాయి. ఒకసారి అటూ ఇటూ చేరాక మళ్లీ ఎదురుపడే అవకాశం బాగా తగ్గుతుంది.

అసలు ప్రశ్న ఆ కలగలుపులో యాక్సెప్టర్ ఎంత శాతం ఉందన్నదే. క్రమం లేని పాలిమర్‌లో యాక్సెప్టర్ సుమారు 20 శాతం కన్నా తగ్గితే దాని అణువులు ఒకదానికొకటి తగలవు. అక్కడ పడిన ఎలక్ట్రాన్‌కు బయటికి దారి ఉండదు. ఏదో ఒక హోల్ వచ్చి కలిసేదాకా అక్కడే చిక్కుకుపోతుంది. శాతం మరీ ఎక్కువైతే, అంటే రెండూ ఎక్కడ చూసినా సమానంగా కలిసిపోతే, ప్రతి ఎలక్ట్రాన్ పక్కనా ఒక హోల్ ఉంటుంది. ఎక్సిటాన్లన్నీ విడిపోతాయి కానీ ఆవేశాలు బయటికి రావు. మంచి సెల్‌లు ఈ రెంటి మధ్య, ఆ 20 శాతం హద్దుకు కాస్త పైన ఉంటాయి.

ఏ జంట ఎక్కడ స్థిరపడుతుందో నిర్ణయించేది ఆ రెండు పదార్థాల పొసగుబాటు. ఫ్లోరీ-హగిన్స్ సిద్ధాంతంలో దాన్ని కై అనే ఒక సంఖ్యతో చెబుతారు. కై ఎక్కువైతే రెండూ ఒకదాన్నొకటి వెళ్లగొట్టుకుంటాయి, తక్కువైతే కలిసిపోతాయి. అణువు పక్కన వేలాడే పక్క గొలుసు పొడవు కొంచెం మార్చినా, ఒక ఫ్లోరిన్ చేర్చినా ఈ సంఖ్య మారుతుంది. శక్తిస్థాయిలు చక్కగా కుదిరిన కొత్త అణువు సెల్‌లో పేలవంగా పనిచేస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఆ అణువును పక్కన పడేసే ముందు మరో పాలిమర్‌తో జతచేసి చూడటం న్యాయం.

పేర్పు, దిశ, వాటిని కలిపే గొలుసులు

ఆవేశం పాలిమర్ ప్రధాన గొలుసు వెంబడి అన్నిటికన్నా వేగంగా కదులుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చుకున్న బల్లపరుపు వలయాల గుండా అంతకన్నా నెమ్మదిగా వెళ్తుంది. పక్క గొలుసుల దిశలో అయితే దాదాపు కదలదు. పీ3హెచ్‌టీ అనే పాలిమర్‌లో వలయాల మధ్య దూరం 0.38 నానోమీటర్లు, పక్క గొలుసుల దిశలో వరుసకూ వరుసకూ మధ్య సుమారు 1.6 నానోమీటర్లు. సోలార్ సెల్‌లో కరెంటు అడుగు నుంచి పైకి, అంటే పొరకు నిలువుగా ప్రవహించాలి. అందుకని వలయాలు అడుగు ఉపరితలంపై పడుకున్నట్టుండే ఫేస్-ఆన్ అమరిక మేలు. ట్రాన్సిస్టర్‌లో కరెంటు పొర వెంబడి అడ్డంగా పోతుంది కాబట్టి అక్కడ వలయాలు నిలబడినట్టుండే ఎడ్జ్-ఆన్ అమరిక కావాలి. ట్రాన్సిస్టర్‌లో అద్భుతంగా పనిచేసిన పాలిమర్ సెల్‌లో నిరాశపరిస్తే అందుకు ఇదో కారణం కావచ్చు.

స్ఫటికత ఎక్కువైతే చాలన్న నమ్మకం ఇంకా వినిపిస్తుంటుంది. పీ3హెచ్‌టీ అణుభారాన్ని సుమారు 3 వేల డాల్టన్ల నుంచి 36 వేలకు పెంచినప్పుడు ట్రాన్సిస్టర్‌లో హోల్ చలనశీలత (కదిలే సౌలభ్యం) వేల రెట్లు పెరిగింది. విశేషమేమంటే తక్కువ అణుభారం ఉన్న పొరే ఎక్కువ స్ఫటికంగా ఉంది. పొట్టి గొలుసులు చక్కటి స్ఫటికాలు కడతాయి కానీ ఒక స్ఫటికం నుంచి మరోదానికి వంతెన వేయలేవు. పొడవాటి గొలుసు ఒక కొస ఒక స్ఫటికంలో, మరో కొస ఇంకో స్ఫటికంలో ఉండి రెంటినీ కలుపుతుంది. పెద్ద స్ఫటికాల కన్నా చిన్న చిన్న పేర్పులు, వాటిని కలిపే గొలుసులు ఎక్కువ మేలు చేస్తాయి. అణుభారం మరీ పెరిగితే ద్రావణం జెల్‌లా చిక్కబడుతుంది, ఫిల్టర్ గుండా దిగదు, పూతలో చారలు పడతాయి. అందుకే పాలిమర్ కొత్త బ్యాచ్ రాగానే అణుభారం చూడకుండా పాత రెసిపీతోనే పూత మొదలుపెట్టకూడదు.

2019లో యాక్సెప్టర్‌గా వై6 వచ్చి పీఎం6 పాలిమర్‌తో 15.7 శాతం ఇవ్వడం వెనక కూడా పేర్పు పాత్ర పెద్దది. వంపు తిరిగిన ఆ అణువు చివర్లూ మధ్యభాగాలూ ఒకదానిపై ఒకటి పడి, ఒకే దిశలో వరుస కట్టకుండా మూడు దిశల్లోనూ వల అల్లుతాయి. ఎలక్ట్రాన్‌కు ఒక దారి మూసుకుపోయినా మరోటి ఉంటుంది. ద్రావణంలో 730 నానోమీటర్ల దగ్గర ఉండే వై6 శోషణ శిఖరం (అది కాంతిని అత్యధికంగా పీల్చుకునే తరంగదైర్ఘ్యం) పొరలో 820 దాటి జరగడం ఈ పేర్పుకు గుర్తు. పొర పూసిన ప్రతిసారీ ఈ శిఖరం ఎక్కడుందో చూడటం రెండు నిమిషాల పని, ఎంతో చెబుతుంది.

ఆరే కొన్ని సెకన్లు

ఈ అమరిక సమతాస్థితి కాదు. మధ్యలో ఆగిపోయిన ఒక దశ. సాల్వెంట్ ఆవిరవుతుంటే ద్రావణం చిక్కబడుతుంది. ఏదో ఒక క్షణాన రెండు పదార్థాలూ విడిపోవడం మొదలుపెడతాయి, పేర్చుకోవడమూ మొదలవుతుంది. అణువులు కదలలేనంతగా పొర గట్టిపడినప్పుడు అన్నీ ఉన్నచోట ఆగిపోతాయి. విడిపోవడం ముందు జరిగి పేర్పు వెనకబడితే ముద్దలు పెద్దవవుతాయి. పాలిమర్ ముందుగా వల కట్టుకుంటే యాక్సెప్టర్ ఆ వల కన్నాల్లోనే సర్దుకోవాలి, కాబట్టి డొమైన్లు, అంటే ఒక్కో పదార్థం గుమిగూడిన ప్రాంతాలు, చిన్నవిగా ఉంటాయి. మంచి సెల్‌లలో ఎక్కువ భాగం ఈ రెండో దారిలో వచ్చినవే.

సాల్వెంట్ మరిగే ఉష్ణోగ్రతే ఇక్కడ గడియారం. క్లోరోఫాం 61 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, క్లోరోబెంజీన్ 132 దగ్గర, ఆర్థో-డైక్లోరోబెంజీన్ 180 దగ్గర. స్పిన్ కోటింగ్‌లో, అంటే పలకను వేగంగా తిప్పుతూ పూసే పద్ధతిలో, క్లోరోఫాం పొర కొద్ది సెకన్లలోనే ఆరిపోతుంది; డైక్లోరోబెంజీన్ పొర స్పిన్ ఆగాక కూడా తడిగా ఉండొచ్చు.

సంకలితాల పని ఈ గడియారాన్ని ఒక పదార్థానికి మాత్రమే మార్చడం. 2007లో ద్రావణంలో కొద్దిగా ఆక్టేన్‌డైథయాల్ కలిపి ఒక పాలిమర్ సెల్‌ను 2.8 శాతం నుంచి 5.5 శాతానికి చేర్చారు. తర్వాత ఆ స్థానాన్ని 1,8-డైఅయడోఆక్టేన్, అంటే డీఐఓ, ఆక్రమించింది. డీఐఓ ఫుల్లరీన్‌ను కరిగిస్తుంది, పాలిమర్‌ను కరిగించదు, 300 డిగ్రీల పైన గానీ మరగదు. అసలు సాల్వెంట్ వెళ్లిపోగానే పాలిమర్ గట్టిపడి వల కడుతుంది. ఫుల్లరీన్ ఇంకా డీఐఓలో కరిగి ఉండి, నెమ్మదిగా ఆ వలలో సర్దుకుంటుంది. పీటీబీ7 పాలిమర్‌తో క్లోరోబెంజీన్‌లో ఇది లేకపోతే ఫుల్లరీన్ ముద్దలు 100 నానోమీటర్లు దాటుతాయి. ఘనపరిమాణంలో 3 శాతం కలిపితే అవి కరిగిపోయి సామర్థ్యం సుమారు 4 శాతం నుంచి 7 శాతం పైకి చేరింది. అయితే డీఐఓ తనంతట తాను వెళ్లిపోదు. వాక్యూమ్‌లో గంటల తరబడి ఉంచాలి, లేదా పొరను మెథనాల్‌తో కడగాలి. మిగిలిపోతే అతినీలలోహిత కాంతికి కార్బన్-అయడిన్ బంధం తెగి రాడికల్స్ పుడతాయి, అవి పొరను తినేస్తాయి. మొదటి రోజు బాగుండి కాంతిలో త్వరగా పడిపోయే సెల్‌లకు ఇది ఒక సాధారణ కారణం.

పీఎం6, వై6 జంటకు ఎక్కువగా వాడే రెసిపీని దగ్గర్నుంచి చూస్తే పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో తెలుస్తుంది. బరువులో 1 భాగం పీఎం6కు 1.2 భాగాల వై6, రెండూ కలిపి మిల్లీలీటరుకు 16 మిల్లీగ్రాములు, క్లోరోఫాంలో, సంకలితంగా ఘనపరిమాణంలో 0.5 శాతం 1-క్లోరోనాఫ్తలీన్. నైట్రోజన్ గ్లవ్ బాక్స్‌లో కొన్ని గంటలు కలపాలి. నిమిషానికి 3,000 చుట్ల దరిదాపుల్లో తిప్పి 100 నుంచి 150 నానోమీటర్ల పొర వచ్చేలా చూసుకోవాలి. తర్వాత 100 నుంచి 110 డిగ్రీల దగ్గర సుమారు పది నిమిషాలు అనీలింగ్ చేయాలి, అంటే వేడిమీద ఉంచాలి.

రాయడానికి ఇంతే. కానీ మిల్లీలీటరు ద్రావణానికి 0.5 శాతమంటే 5 మైక్రోలీటర్లు. పిపెట్‌లో ఒక్క మైక్రోలీటరు తేడా వస్తే సంకలితం 20 శాతం మారిపోతుంది. అందువల్ల సంకలితాన్ని ముందే పెద్ద మొత్తం క్లోరోఫాంలో కలిపి, ఆ మిశ్రమాన్నే వాడటం నయం. క్లోరోఫాం ఆవిరి పీడనం ఎక్కువ కావడంతో పిపెట్ టిప్ నుంచి దానంతటదే కారుతుంది. టిప్‌ను రెండు మూడుసార్లు అదే ద్రవంతో తడిపాక గానీ కొలత నిలవదు. సీసా మూత తీసి వరుసగా పది సబ్‌స్ట్రేట్‌లు (పూత వేసే పలకలు) పూస్తే చివరివి మొదటివాటికన్నా మందంగా వస్తాయి, ఎందుకంటే ఈలోపు క్లోరోఫాం ఎగిరిపోయి ద్రావణం చిక్కబడింది. అంకెల్లో కనిపించే క్రమం అనీలింగ్ సమయానిదా, పూత వరుసదా అన్న అనుమానం తీరాలంటే నమూనాలను కలగాపులగం వరుసలో పూయాలి. 0.45 మైక్రోమీటర్ల ఫిల్టర్ మరో ఉచ్చు. చల్లని ద్రావణంలో గుంపులు కట్టిన పాలిమర్ అందులో ఆగిపోతే నిష్పత్తి 1కి 1.2 ఇక ఉండదు. ఫిల్టర్‌పై రంగు మిగిలిందంటే ద్రావణాన్ని వేడిచేసి మళ్లీ చూడాలి.

చల్లారితే గుంపులు కట్టే పాలిమర్ల విషయంలో వేడి మరీ కీలకం. ఇలాంటి పాలిమర్‌తోనే 2014లో ఫుల్లరీన్ సెల్‌లు 10 శాతం దాటాయి. ద్రావణం, సబ్‌స్ట్రేట్ రెండూ వేడిగా ఉండాలి. చుక్క వేసి స్పిన్ నొక్కేలోపు మూడు నాలుగు సెకన్లు జాగు చేసినా ఉష్ణోగ్రత పడిపోయి గుంపుల పరిమాణం మారిపోతుంది.

వేడిచేస్తే బాగుపడేవి, చెడేవి

పీ3హెచ్‌టీ, పీసీబీఎం జంటను 150 డిగ్రీల దగ్గర అరగంట అనీలింగ్ చేసి 2005లో 5 శాతం సాధించారు. వేడికి పాలిమర్ గొలుసులు పేర్చుకుంటాయి, ఫుల్లరీన్ వాటి మధ్య నుంచి బయటికి వస్తుంది. కళ్లతోనే చూడొచ్చు: నారింజ ఎరుపులో ఉన్న పొర ఊదా ఛాయకు తిరుగుతుంది, శోషణ వర్ణపటంలో 605 నానోమీటర్ల దగ్గర భుజం లేస్తుంది. ఆ భుజం 555 దగ్గరి శిఖరంతో పోలిస్తే ఎంత ఎత్తుందో చూస్తే పేర్పు ఎంత బాగుందో అంచనా వేయొచ్చు.

అదే పొరను గంటల తరబడి 140 డిగ్రీల దగ్గర వదిలేస్తే ఫుల్లరీన్ మైక్రోమీటర్ల పొడవు సూదుల్లా స్ఫటికం కడుతుంది. మామూలు ఆప్టికల్ మైక్రోస్కోప్‌లోనే కనిపిస్తాయి. సూది చుట్టూ ఫుల్లరీన్ ఖాళీ అయిపోయిన వలయం ఏర్పడుతుంది, అక్కడ పుట్టిన ఎక్సిటాన్ విడిపోయే దారి ఉండదు. అనీలింగ్‌కు మంచి సమయం ఉంటుంది కానీ ఎక్కువైతే ఎక్కువ మేలు అన్నది చెల్లదు.

నిలువు దిశలో పంపకం గురించి క్లుప్తంగా. ఉపరితల శక్తి తక్కువున్న పదార్థం గాలివైపు చేరుతుంది. పీ3హెచ్‌టీ జంటలో పైభాగాన పాలిమర్ ఎక్కువుంటుంది. పైన ఎలక్ట్రాన్లను సేకరించే మామూలు నిర్మాణానికి ఇది ఎదురు, హోల్స్‌ను పైన సేకరించే ఇన్వర్టెడ్ నిర్మాణానికి అనుకూలం. ఒకే పొర రెండు నిర్మాణాల్లో వేర్వేరు అంకెలు ఇస్తే దీన్ని గుర్తుంచుకోవాలి. డోనర్‌ను ముందు, యాక్సెప్టర్‌ను తర్వాత విడివిడిగా పూసే పద్ధతికి ఆదరణ పెరగడం కూడా ఈ పంపకాన్ని చేతిలో ఉంచుకోవడానికే.

సెల్ చెప్పే సంగతులు

సూక్ష్మ నిర్మాణం గురించి ఖరీదైన పరికరాల కన్నా ముందు సెల్‌నే అడగాలి. సెల్ ఇచ్చే మూడు అంకెలు కరెంటు, వోల్టేజీ, ఫిల్ ఫ్యాక్టర్. వాటిలో ఫిల్ ఫ్యాక్టర్ (గరిష్ఠ కరెంటు, గరిష్ఠ వోల్టేజీల లబ్ధంలో నిజంగా చేతికొచ్చే వాటా) అన్నిటికన్నా నిక్కచ్చిగా మాట్లాడుతుంది. ఆవేశాలు బయటికి వెళ్లే వేగానికీ, దారిలో కలిసిపోయే వేగానికీ మధ్య పోటీ దానిలో నేరుగా కనిపిస్తుంది.

కరెంటు తక్కువ, ఫిల్ ఫ్యాక్టర్ పర్వాలేదు అనుకుందాం. పొర ఫోటోల్యూమినిసెన్స్, అంటే పీల్చుకున్న కాంతిలో తిరిగి వెలువరించే వెలుగు, కొలవాలి. వెలుగు ఇంకా గణనీయంగా మిగిలి ఉంటే ఎక్సిటాన్లు సరిహద్దుకు చేరకముందే చచ్చిపోతున్నాయి, డొమైన్లు పెద్దవి. ఏ తరంగదైర్ఘ్యపు కాంతి ఎంత మేరకు కరెంటుగా మారుతోందో చూపే క్వాంటం సామర్థ్య వక్రరేఖ లోపం ఏ పదార్థానిదో కూడా చెబుతుంది: పీఎం6 పీల్చుకునే 600 నానోమీటర్ల ప్రాంతం బాగుండి వై6 పీల్చుకునే 800 ప్రాంతం కుంగితే వై6 డొమైన్లను అనుమానించాలి. అయితే పొర మందం మారినా కాంతి వ్యతికరణం వల్ల ఇలాంటి కుంగుబాటు రావచ్చు కాబట్టి మందం ముందు కొలుచుకోవాలి.

వెలుగు దాదాపు పూర్తిగా ఆరిపోయి, ఫిల్ ఫ్యాక్టర్ మాత్రం 50 శాతం దగ్గర ఉండి, రివర్స్ వోల్టేజీ పెంచేకొద్దీ కరెంటు పెరుగుతూ పోతుంటే అది అతిగా కలిసిపోయిన పొర లక్షణం. ఆవేశాలు పుడుతున్నాయి, వాటిని బయటికి లాగడానికి బలమైన క్షేత్రం కావలసి వస్తోంది. నిర్ధారించుకోవడానికి 100, 200, 300 నానోమీటర్ల మందాలతో సెల్‌లు చేయాలి. మందంతో పాటు ఫిల్ ఫ్యాక్టర్ నిట్టనిలువునా పడిపోతే దారులు సరిగా లేనట్టే.

కాంతి తీవ్రత పది రెట్లు పెరిగినప్పుడు ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (కరెంటు తీయనప్పటి వోల్టేజీ) సుమారు 60 మిల్లీవోల్టులు పెరిగితే ఎలక్ట్రాన్, హోల్ నేరుగా కలుస్తున్నాయని అర్థం. 120 వైపు జరిగితే ఉచ్చుల్లో చిక్కుకుని కలుస్తున్నాయని సాధారణ వ్యాఖ్యానం. దారి తెగిపోయిన యాక్సెప్టర్ దీవులు అలాంటి ఉచ్చులే. కానీ తక్కువ కాంతిలో లీకేజీ కరెంటు కూడా ఇదే ఆకారం ఇస్తుంది. చీకటి కరెంటు చూడకుండా ఈ నిర్ణయానికి రాకూడదు.

పరికరాల దగ్గరా జాగ్రత్త అవసరం. ఏఎఫ్ఎం (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్) చిత్రం ఉపరితలాన్నే చూపిస్తుంది. పైన పాలిమర్ తొడుగు ఉంటే లోపలి ముద్దలు అందులో కనిపించవు. వోల్టేజీకి వచ్చే కరెంటును బట్టి లెక్కించే స్పేస్ ఛార్జ్ పద్ధతిలో చలనశీలత కొలిచేటప్పుడు సూత్రంలో మందం మూడో ఘాతంగా వస్తుంది. మందం కొలతలో 10 శాతం తప్పు చలనశీలతలో 33 శాతం తప్పవుతుంది. హోల్, ఎలక్ట్రాన్ చలనశీలతల నిష్పత్తి 1.2 నుంచి 1.5 అయిందని దాని మీద కథ అల్లేముందు ఈ లెక్క వేసుకోవాలి. ఎక్స్-రేను వాలుగా వేసి చేసే గివాక్స్ కొలతలో 0.15 డిగ్రీల కోణంలో పడ్డ 0.1 మిల్లీమీటరు కిరణం నమూనాపై 38 మిల్లీమీటర్ల దూరం పరుచుకుంటుంది. నమూనా పొడవు 15 మిల్లీమీటర్లయితే కిరణంలో సగానికి పైగా బయటే పోతుంది. మిగిలింది కూడా పొడవునా వేర్వేరు చోట్ల నుంచి చెదిరి శిఖరాన్ని వెడల్పు చేస్తుంది. పేర్పులోని అక్రమత కూడా శిఖరాన్ని వెడల్పే చేస్తుంది. అందువల్ల శిఖరం వెడల్పును బట్టి స్ఫటిక పరిమాణం లెక్కించే షెర్రర్ సూత్రం నుంచి వచ్చిన అంకెను స్ఫటిక పరిమాణంగా కాక, కనీసం ఇంత దూరం క్రమం ఉందన్నట్టుగా చదవాలి. కార్బన్ అంచు, అంటే 284 ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపుల్లో చేసే మెత్తని ఎక్స్-రే పరిక్షేపణం డొమైన్ల గురించి మంచి సమాచారం ఇస్తుంది. అయితే అందులో శిఖరం చెప్పేది ఒక డొమైన్ మధ్య నుంచి పక్క డొమైన్ మధ్యకు దూరం, డొమైన్ వెడల్పు కాదు. దాని నుంచి వచ్చే స్వచ్ఛత సాధారణంగా సాపేక్షమే, మందంతో సవరించిన నమూనాల మధ్య పోలికకే పనికొస్తుంది.

ఆగిపోయిన అమరిక మళ్లీ కదిలితే

2024 నాటికి ఒకే జంక్షన్ (కాంతిని పీల్చే పొర ఒక్కటే) ఉన్న ప్రయోగశాల సెల్‌లు 20 శాతం దాటాయి. అవి ఎక్కువగా చదరపు సెంటీమీటరులో పదో వంతు కన్నా చిన్నవి, స్పిన్ కోటింగ్‌తో చేసినవి. మధ్యలో ఆగిపోయిన అమరిక అవకాశం దొరికితే మళ్లీ కదులుతుంది. ఎండలో ప్యానెల్ వేడెక్కుతుంది. అందుకే 85 డిగ్రీల పరీక్ష పెడతారు. ఆ వేడిలో యాక్సెప్టర్ అణువులు కదలగలిగితే, పొసగని జంటలో అవి కలగలుపు నుంచి మెల్లగా వెళ్లిపోతాయి. శాతం ఆ 20 హద్దు కిందికి జారగానే ఫిల్ ఫ్యాక్టర్ పడిపోతుంది, రసాయనికంగా ఏదీ చెడకపోయినా సరే. మొదటి రోజు అత్యుత్తమ సామర్థ్యం ఇచ్చిన జంట అత్యంత స్థిరమైనది కాకపోవడానికి ఇది ముఖ్య కారణం. రెండు మూడు యాక్సెప్టర్ అణువులను ఒకదానికొకటి కట్టేయడం, యాక్సెప్టర్‌నే పాలిమర్‌గా మార్చడం, కదలికను అడ్డుకునే మూడో పదార్థం కలపడం ఇందుకు వాడుతున్న మార్గాలు. కట్టేసిన అణువులు నెమ్మదిగా కదులుతాయి, కానీ ఆరేటప్పుడు పేర్చుకోవడానికి కూడా ఎక్కువ సమయం తీసుకుంటాయి. అందుకని పాత రెసిపీ వాటికి పనికిరాదు.

పెద్ద పూతలోనూ ఇదే చిక్కు. స్పిన్ కోటింగ్‌లో ద్రావణంలో ఎక్కువ భాగం చిమ్మి వృథా అవుతుంది కాబట్టి ద్రావణాన్ని బ్లేడ్ అంచుతో పరిచే, లేదా సన్నని చీలిక గుండా పోసే (స్లాట్-డై) పద్ధతులకు మారాలి. అక్కడ గాలి గుంజే సుడి ఉండదు, పొర నెమ్మదిగా ఆరుతుంది, డొమైన్లు పెరగడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. సబ్‌స్ట్రేట్‌ను వేడిచేసి, పైన వేడి గాలిని సన్నని ధారగా ఊది ఆ సమయాన్ని కుదించాలి. క్లోరోఫాం విషపూరితం కావడంతో 144 డిగ్రీల దగ్గర మరిగే ఆర్థో-జైలీన్ వైపు మళ్లితే ఆరే సమయం ఇంకా పెరుగుతుంది, పైగా అందులో వై6 అంతంతమాత్రంగానే కరుగుతుంది. కరిగేలా చేయడానికి పక్క గొలుసులు పొడిగించిన రూపాలు తయారుచేశారు. పొడవాటి పక్క గొలుసు కరిగే గుణం పెంచుతుంది, అదే సమయంలో పేర్పును వదులు చేస్తుంది, పాలిమర్‌తో పొసగుబాటునూ మారుస్తుంది. కాబట్టి సాల్వెంట్ మార్చినప్పుడు పాత నిష్పత్తి, పాత సంకలితం, పాత అనీలింగ్ సమయం యథాతథంగా తీసుకోకుండా, వర్ణపటంలో శిఖరం స్థానం, ఫిల్ ఫ్యాక్టర్, మందం వరుస ఈ మూడూ మొదటి నుంచి మళ్లీ చూసుకోవాల్సి ఉంటుంది.